పడకపోయినా సరేనా

మొన్న కొత్తచెరువుకు బస్సులో పోతుంటే, ఊరి మొదట్లో ఒక గోడ నిండా పచ్చరంగుతో 'మా బోరు వేస్తే నీళ్లు ఖాయం' అని రాసి కనిపించింది. పక్క సీటామె నా ముఖం చూసి ఒంట్లో బాగాలేదా అని అడిగింది గానీ, సరిగ్గా ఆ గోడ మీది మాటే నలభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో నేను రాయించానని ఆమెకెట్లా చెప్పేది!

బెంగుళూరులో ప్రకటనల చదువుకు చేరిన మొదటి సంవత్సరమది. మా కాలంలో ఆడపిల్లంటే టీచరు చదువో నర్సు చదువో చదవాలి గానీ ఈ సబ్బులమ్మే చదువేమిటని బంధువులు మూతి విరిచినా, ఆ తరగతి గదిలో అడుగుపెట్టగానే నాకు లోకమంతా చేతికందినట్టే ఉండింది. ప్రకటనలో అనుమానం కనబడకూడదు, మాట ఇస్తే గట్టిగా ఇవ్వాలని మాస్టారు మొదటి పాఠంలోనే చెప్పారు, అది నా తలకెక్కి కూర్చుంది. సెలవులకు ఇంటికొచ్చి, బోరు బండి నడిపే మా మేనమామ షెడ్డు ముందు 'ఇచ్చట బోర్లు వేయబడును' అన్న వెలిసిన బోర్డు చూస్తే నవ్వాగలేదు. మామ బండితో చిలమత్తూరు వైపు పోయి వారమైంది. ఆయన వచ్చేలోగా పెయింటరును పిలిపించి, పాత అక్షరాలు చెరిపించి, నీళ్లు ఖాయమని రాయించి తెగ మురిసిపోయాను.

మామ తిరిగొచ్చిన మరునాడే ఒక రైతు తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయట. మూడోది వేయాలంటే ఉన్న ఒక్క జత ఎద్దులూ అమ్మాలి కాబట్టి ఆమె ససేమిరా అన్నదట, మా బోర్డు మీద ఉన్నది చదివి వినిపించాకే మెత్తబడిందని ఆ రైతు సంబరంగా చెప్పుకొచ్చాడు. మామకొక పద్ధతి ఉండేది. బండి కదిలే ముందు ఆ ఇంటి ఆడమనిషి ఎదుట నిలబడి 'పడకపోయినా సరేనా' అని మూడుసార్లు అడిగేవాడు, ఆమె తల ఊపితేనే ఇంజను స్టార్టు చేసేవాడు. ఆరోజు మాత్రం తను అడగలేదు. నా వైపు తిరిగి, "రాయించిందానివి నువ్వు, నువ్వే అడుగు పాపా" అన్నాడు.

అడిగాను. మొదటిసారికే ఆమె నా ముఖంలోకి చూసి, "ఖాయమని రాసినారంట కదమ్మా, మళ్లా ఇట్ల అడుగుతాండావేమి? భూమిలోపలికి పోయి చూసొచ్చినావా?" అంది. లేదన్నాను, సిగ్గుతో తలెత్తలేక. "అట్లయితే మా ఎద్దులు మాకే ఉండనీ" అని మొగుణ్ణి లేపి తీసుకుపోయింది.

సాయంత్రానికి బోర్డు మార్పించాను: 'బోరు మేం వేస్తాం. నీళ్లు భూమిలో ఉంటే పడతాయి.' సెలవులయ్యాక తరగతిలో ఇదే చదివి వినిపిస్తే అందరూ విరగబడి నవ్వారు, మాస్టారు అందరికన్నా తక్కువ మార్కులు నాకే వేశారు. నేను తగ్గలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏం రాసినా ఆమె ఎదురుగా కూర్చుని వింటున్నట్టే రాశాను, అందుకు ఇప్పటికీ గర్వపడతాను. మామ ఉన్నంతకాలం ఆ బోర్డూ మారలేదు, ఆయన బండి ఖాళీగానూ ఉండలేదు.

మొన్న బస్సు దిగగానే ఆ గోడ దాకా వెనక్కి నడిచి, దాని మీది నంబరుకు ఫోను చేసి, పడకపోతే ఎట్లా అని అడిగాను. "పొలం యాడుండాదో చెప్పమ్మా, రేపే బండి పంపిస్తాం" అన్నారు అవతల. మళ్లీ అడిగాను, మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగేలోపు ఫోను పెట్టేశారు. ఆ గోడను నమ్మి ఈపాటికి ఎవరింట్లో ఏ ఆడమనిషి మెత్తబడిందో, ఆమె ఎదుట నిలబడి అడగడానికి మామ లేడు కదా అని ఆ ఎండలోనే చాలాసేపు నిలబడిపోయాను.