పీత కరిచినా నొప్పి తెలియని చోటు

నా చిన్నప్పుడు యారాడ ఒడ్డున నాకొక బిరుదు ఉండేది: పీతల రాణి. వల దులిపినప్పుడు రాలిన పీతను ముంజేతి మీద కరిపించుకుని, ఎవరు ఎక్కువసేపు అరవకుండా ఉంటారో పిల్లలం పందెం వేసుకునేవాళ్లం. ప్రతిసారీ గెలుపు నాదే. అందులో నా వీరత్వమేమీ లేదు. ఎడమ మోచేతి కింద రూపాయి బిళ్లంత వెలిసిన మచ్చ ఒకటి ఉండేది. అక్కడ పీత కరిస్తే పక్కవాళ్ల చేతిని కరిచినట్టే ఉండేది. రాజ్యాలు ఇలాగే వస్తాయి కాబోలు, అర్హత లేకుండా.

అది శోభి మచ్చే అనుకుని అమ్మ వేపాకూ పసుపూ నూరి పూసేది. పసుపు అంటేది గాని మచ్చ పోయేది కాదు.

ఒకనాడు నా పందెం మా పక్కింటి అక్క కంట పడింది. ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కొండ దాటి వెళ్లి అమ్ముకొచ్చేది. ఆవిడ కుడి చిటికెన వేలు లోపలికి వంగి ఉండేది. వల తాళ్లు లాగి లాగి అలా అయిందని ఊరంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. అక్క గంప దించి పీతను లాగి పారేసింది.

“ఒలే, నొప్పెట్టడం లేదేటే?”

“నాను రాణిని అక్కా. ఏడవను.”

చుట్టూ పిల్లలు నవ్వారు. అక్క నవ్వలేదు.

ఆ సాయంత్రం తడిక పక్కన చేరి అమ్మా అక్కా మాట్లాడుకోవడం విన్నాను. ‘పెద్దరోగం’ అన్న మాట వినబడింది. కుష్ఠును అలా అంటారని నాకప్పుడు తెలియదు. పెద్దరోగమైతే పెద్దవాళ్లకు రావాలి గాని నాకెందుకు వస్తుంది? అంతలో అమ్మ ఏడుపు గొంతు: “ఊరికి తెలిస్తే నా పిల్లని ఎవులూ దగ్గరికి రానివ్వరే.” ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, దొరక్కూడదని.

మర్నాడు ముగ్గురం కొండ దాటి, పట్నంలో పాత ఊళ్లోని చర్మం డాక్టరుగారి క్లినిక్‌కు వెళ్లాం. ఆయన దూదిని సన్నగా పేని, కళ్లు మూసుకోమన్నారు. దూది తగిలినచోట వేలు పెట్టి చూపించాలి. నేను మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి చూశాను. భుజం మీద తగిలింది, చూపించాను. మణికట్టు, చూపించాను. మచ్చ మీద మూడుసార్లు దూది ఆనింది. మూడుసార్లూ గురి తప్పకుండా వేలు పెట్టాను. బళ్లో ఏ పరీక్షా నేనింత బాగా రాయలేదు.

“స్పర్శ బాగానే ఉందమ్మా,” అన్నారు డాక్టరుగారు. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని సంచీ అందుకుంది. అక్క మాత్రం బల్ల మీంచి లేవలేదు. నావైపే చూస్తోంది.

“బాబూ, ఇది దొంగపిల్ల. నా కొంగు కట్టి మళ్లీ సూడండి,” అంది. తర్వాత నా ముందు కూర్చుని తన జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మోచేతి దగ్గర నా మచ్చలాంటిదే, పాతదై మాసినది. “నీ అంతప్పుడు నానూ ఇలాగే దొంగసూపు సూసేను. ఏటీ నేదని పంపేసినారు. ఈ ఏలు వల లాగి వంగలేదే. అబద్ధమాడి వంగింది.”

అమ్మ సంచీ మళ్లీ కింద పెట్టేసింది. ఆ సంగతి కొండ దాటి ఊళ్లోకి వస్తే అక్క గంపలో చేప ముట్టుకునేవాళ్లుండరు. తెలిసే చెప్పింది.

కొంగు కళ్లకు బిగించింది. చీకటి, ఎండుచేపల వాసన. దూది కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎంతకీ తగల్లేదు.

“ఎప్పుడు మొదలెడతారండీ?” అని అడిగాను.

“నాలుగుసార్లు ముట్టుకున్నానమ్మా,” అన్నారాయన మెల్లగా.

పీతల రాణి అప్పుడు ఏడ్చింది.

తొందరగానే వచ్చారు, మందులకు లొంగుతుంది, పిల్లను ఎవరికీ దూరంగా ఉంచనక్కర్లేదు అని డాక్టరుగారు అమ్మకు రెండుసార్లు చెప్పారు. ఏళ్లపాటు మాత్రలు మింగాను. నా వేళ్లు పదీ తిన్నగా ఉన్నాయి, ఈ రాతే సాక్ష్యం. రాత మాత్రం వంకరే, దానికి మందు దొరకలేదు. అమ్మ ఆ మాటను కొండ దాటనివ్వలేదు. అక్క గంప దించితే మొదటి చేప మా ఇంటికే వచ్చేది.

మొన్న ద్వారకా నగర్‌లో కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నాకంటే ముందు కూర్చున్నాయన గట్టిగా చదువుతుంటే గోడ మీది అక్షరాలన్నీ బట్టీ పట్టేశాను. అరవై దాటినా బుద్ధి దాటలేదు. నా వంతు వచ్చింది. చివరి వరుస గడగడా అప్పజెప్పబోతుంటే, ఆ ఏసీ గదిలో ఎక్కణ్నుంచో ఎండుచేపల వాసన వచ్చింది.

“కనబడట్లేదమ్మా,” అన్నాను.