జిన్నింగ్ మిల్లులో ఆగిపోయిన కంప్యూటర్

మొదట కబురు చెప్పేస్తాను, ఆగలేను. నిన్న ఆర్డరు వచ్చింది: మా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ విభాగానికి ఇక నేనే హెడ్డును! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని కదా, ఆ కాగితాన్ని పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదువుతుండగా, ల్యాబులో పెద్ద ప్రోగ్రాము నడుపుతున్న ఒక కంప్యూటర్ టప్పుమని ఆగిపోయింది. సంతోషం పక్కకు జరిగింది. ఇలాగే ఆగిపోయిన పాత కంప్యూటర్ ఒకటి గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో, డిగ్రీ అయిన ఏడాదే, ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. పత్తి నుంచి గింజ వేరుచేసే యంత్రాలకు బాపు, అంటే మా నాన్న, అక్కడే ఫిట్టరు. మిల్లు యజమాని సేట్ కంప్యూటర్‌కు అద్దాల గది కట్టించాడు, దుమ్ము పడకుండా ముఖమల్ గుడ్డ కుట్టించాడు. నడుస్తున్నప్పుడు కూడా తెరను మాత్రమే బయట ఉంచి, మిగతాదంతా కప్పే ఉంచమనేవాడు. ఒంటినిండా దూది ఉండే పనివాళ్లు లోపలికి రావద్దని తలుపుకు కాగితం అంటించింది మాత్రం నేనే. బాపుకు చదువు రాదు. అయినా ఎవరో చెప్పినట్టున్నారు, నా అన్నం డబ్బా గడప బయటే పెట్టి వెళ్లేవాడు. నాకు కాస్త ఇబ్బందిగా ఉండేది. కాస్తే.

సీజన్ నడుమ ఒకరోజు, మిల్లులోని ప్రతి పత్తి బేలు నంబరూ బరువూ వరుసగా ప్రింటు తీయాల్సి వచ్చింది. ఆ జాబితా లేనిదే లారీలు కదలవు. ఇరవై నిమిషాలు నడిచి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. స్టెబిలైజర్ మార్చాను, వైరస్‌ను పట్టే ఫ్లాపీ వేసి చూశాను, ప్లగ్గు నొక్కి చూశాను. సేట్ నవ్వుతూనే అన్నాడు: "సాయంత్రం దాకా లిస్టు రాకుంటే రేపటి నుంచి రాకు బేటీ. మా లెక్కలు రాసే మునీమ్ పెన్నుకు గీ రోగం లేదు."

మధ్యాహ్నం డబ్బా తెచ్చిన బాపు, నా ముఖం చూసి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమైంది బిడ్డా?"

"చిన్న పనికి మంచిగనే ఉంటది బాపూ. పెద్ద లిస్టు పెడితే బందైతుంది."

"జరసేపు ఆగినంక మళ్ల నడుస్తదా?"

"నడుస్తది."

"అయితే ఖరాబ్ కాలే, గరమైతుంది. మా మోటార్లు గిట్లనే జేస్తయ్. నన్ను లోపటికి రానిస్తవా?"

తలుపు మీది కాగితం వైపు చూడకుండా "రా బాపూ" అన్నాను.

చెప్పులు విడిచి వచ్చి, గుడ్డ ఎత్తి, అరచెయ్యి వెనక్కి తిప్పి పెట్టెకు ఆనించాడు. "అబ్బో, జెరమొచ్చినట్టున్నది. ముందుగాల ప్లగ్గు గుంజు." ఊడిన ఒక్కొక్క మరనూ నేను వరుసగా కాగితం మీద పెట్టాను. ఒక్క తీగ తెగినా ఇద్దరి కొలువులూ పోతాయి. లోపల ఫ్యాను రెక్కలకు దూది ముద్దకట్టి ఉంది. నా కాగితం బాపును ఆపింది గానీ దూదిని ఆపలేదు. బ్రష్షుతో మెల్లగా లాగుతూ బాపు గొణిగాడు: "మీద గీ గుడ్డ ఒకటి! పెండ్లిపిల్లకైనా ముక్కు బయటుంచుతరు గదనే."

పెట్టె బిగించి, గుడ్డ కప్పకుండా మళ్లీ పెట్టాం. గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. ఇరవై అయిదు. నలభై. ప్రింటరు ఆఖరి కాగితం దాకా ఆగలేదు. అప్పటికే బాపు యంత్రాల దగ్గరికి వెళ్లిపోయాడు. సేట్ వస్తున్న చప్పుడు విని, గచ్చు మీద పడ్డ బాపు నూనె పాదాల గుర్తులను గబగబా తుడిచేశాను. "షాబాష్ బేటీ" అన్నాడు సేట్. లిస్టు ఆయన చేతిలో పెట్టాను గానీ బాపు పేరు ఎత్తలేదు.

అంత తొందర అక్కర్లేదని, బాపునూ బాపు అడుగులనూ తుడిచే పని ఎలాగూ కాలం చేసేస్తుందని, ఆ వయసులో నాకు తెలియలేదు.