బొడ్డు ఆరని పెయ్య

మా ముసలి గేదెకి అది ఆఖరి ఈత. అంతకుముందు రెండు ఈతలూ దున్నదూడలే. దాని పాల చలవ మా ఇంట్లో నిలవాలంటే ఇక ఈసారి పుట్టిన పెయ్యదూడే దిక్కు. గుడ్లవల్లేరు పక్కన మా ఊరికి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలు. పెయ్యని వేసిందనగానే మా అత్తగారు సినిమా మధ్యలో వదిలేసి పాకలోకి పరిగెత్తుకొచ్చారంటే, ఆవిడ సంబరం ఎంతో మీరే అనుకోండి.

రెండో రోజుకి పెయ్య నీరసపడింది. ముర్రుపాలు తాగుతోంది, పేడ వేస్తోంది. తోక కింద మాత్రం చుక్క తడి లేదు. బొడ్డు ఎంత తుడిచినా ఆరడం లేదు.

"తల్లి నాకుతోంది కదమ్మా, తడి కాక ఏమవుతుంది?" అన్నారు అత్తగారు, పసుపు అద్దుతూ.

నేను వేలితో తీసి వాసన చూశాను. ఉచ్చ! గేదె ఈనేటప్పుడు మొదట పగిలే నీళ్ళ సంచిదీ అదే వాసన. రెండో సంచి జిగురుగా ఉంటుంది, దానికి ఆ వాసన ఉండదు. ఎన్ని ఈతలకు దగ్గర కూర్చోలేదు నేను!

"ఏవండీ, దూడ కడుపులో ఉన్నప్పుడే బొడ్డులోంచి ఉచ్చ పోస్తుందండీ. ఇది బయటికొచ్చాక కూడా అటే పోస్తోంది."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఐదో క్లాసు డాక్టరమ్మగారు చెప్పారు, వినండర్రా! కడుపులో పోస్తే తల్లి ఊరుకుంటుందా?"

"ఆ నవ్వేదేదో తర్వాత నవ్వుదురుగాని, ముందు ఆటో పిలవండి."

పెయ్యని ఒళ్ళో వేసుకుని గుడివాడ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు పొత్తికడుపు మెల్లగా నొక్కగానే బొడ్డులోంచి సన్నటి ధార వచ్చింది.

"ఎవరు కనిపెట్టారు?"

"మా ఆవిడండీ. దూడలు కడుపులోనే పోస్తాయని కూడా అంటోందండీ," అన్నారు మా ఆయన, తప్పయితే తనకేం సంబంధం లేనట్టు.

"నిజమేనయ్యా! మూత్రపు తిత్తికి చుట్టూ కండ ఉంటుంది. బిగుసుకోవడం, వదలడం కడుపులోనే మొదలెడుతుంది. అప్పుడు దారి బొడ్డులోంచి. పుట్టగానే అది మూసుకోవాలి. దీనికి మూసుకోలేదు."

ఆ దారి కట్టేసి, మందు పూసి, ఇంజక్షన్ చేశారు. "సాయంత్రంలోగా తోక కింద పోస్తే దిగులు లేదు. పోయకపోతే వెంటనే తీసుకురండి, ఆలస్యమైతే దక్కదు."

ఇంటికొచ్చి ముగ్గురం దాని వెనకే కూర్చున్నాం. అన్నాలు కూడా తినలేదు. నాలుగు దాటాక పెయ్య కాళ్ళు ఎడంగా పెట్టింది. తోక ఎత్తింది. నడుం వంచింది. రెండు చుక్కలు పడి ఆగింది. ముగ్గురం ముందుకు వంగాం. అంతలో ధార కట్టింది!

"పోసింది అత్తయ్యగారూ, పోసింది!"

మా కేకలకి పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "దూడ ఉచ్చ పోస్తే ఇంత గోలేంటండీ?"

"నువ్వూ రావమ్మా, చూద్దువుగాని," అన్నారు అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "మా కోడలు బతికించిన పెయ్య!"

పక్కింటావిడ గోడ చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వచ్చేదాకా కూడా అది పోస్తూనే ఉంది.