భ్రమరాంబక్క రాణికి యూరప్ సంబంధాలు

యూరప్‌లోని చిన్న దేశాలకు వెళ్ళినవాళ్ళు ఫ్రిజ్‌కి అంటించే మాగ్నెట్లు తెచ్చుకుంటారు. సిడ్నీ కెల్లీవిల్‌లో మా పక్కవీధి భ్రమరాంబక్క మాత్రం వరుణ్ణి వెతకడానికి వెళ్ళింది. జానెడు పొడవున్న ఓ చెక్క రాణికి వరుడు కావాలి.

పెళ్ళిలో వాళ్ళమ్మ ఇచ్చిన తిరుపతి రాజారాణి బొమ్మల జంట అది. ఏటా దసరా బొమ్మల కొలువులో పైమెట్టు వాళ్ళదే. పోయినేడు కొలువు తీసేసి పెట్టెలో సర్దుతుంటే రాజు చేయిజారి మెడ విరిగింది. సరిగ్గా ఆ వారమే వాళ్ళాయన శేషగిరి బావగారికి గుండెలో స్టెంట్ వేశారు. ఇక అక్క దృష్టిలో రెండూ ఒకటే కేసు. రాణి ఒంటరిగా మెట్టెక్కితే తన పసుపుకుంకాలకు ముప్పని భయం పట్టుకుంది. సంగతి నాకొక్కదానికే చెప్పి, బావగారి చెవిన పడితే నన్ను చంపుతానంది.

"ఆన్‌లైన్‌లో బోలెడు జంటలున్నాయి, తెప్పించుకో అక్కా," అన్నాను.

"జంటొస్తే ఇంకో రాణి కూడా వస్తుంది కదా విద్యా! నా రాణి మీదకి సవతిని తెమ్మంటావా?"

ఫోన్ పక్కన పెట్టేశాను.

బావగారు సిడ్నీ రైళ్ళలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రూల్సంటే ప్రాణం, నడకంటే బద్ధకం. చిన్న దేశాల టూరు ఆయన ఎంపికే. "టిఫిన్ చేసి స్టార్ట్ అయితే లంచ్‌కల్లా కంట్రీ అయిపోతుంది," అనేవారు. వాళ్ళతో నేనూ బయల్దేరాను. అక్క హ్యాండ్‌బ్యాగులో జేబురుమాలు చుట్టుకుని రాణి కూడా.

ఇక ప్రతి కొట్లోనూ పెళ్ళిచూపులే. బావగారు బయట బెంచీ చూసుకోగానే అక్క రాణిని తీసి కౌంటర్ మీద నిలబెట్టేది. మొనాకోలో ఎటు చూసినా రేసుకార్లే. ఉన్న ఒక్క రాజూ కప్పు మీద ఫొటో. "టీ కప్పుకి పిల్లనిస్తామా?" అంటూ అక్క విసవిసా బయటికొచ్చింది. శాన్ మారినోలో విల్లు పట్టుకున్న సిపాయి దొరికాడు. మీసం బాగుంది, ఎత్తూ కుదిరింది. నాకైతే నచ్చాడు. ఇక్కడ రాజులే లేరని గైడ్ చెప్పడంతో అక్క మొహం మాడ్చుకుంది.

చివరికి లిక్టెన్‌స్టైన్‌లో, చెక్క ఆవుల మధ్య, కనిపించాడు రాజు. నెత్తిన కిరీటం, ఎర్రకోటు. వీపు వెనక పిడి ఎత్తితే నోరు తెరుస్తాడు, అందులో ఆక్రోటు పెట్టి పిడి నొక్కితే పగలగొడతాడు. రాణికంటే బెత్తెడు పొడుగు.

"పళ్ళు మరీ ఎక్కువగా లేవూ?" అన్నాను.

"మీ బావగారివి తక్కువా?"

సంబంధం ఖాయమైంది.

సిడ్నీ ఎయిర్‌పోర్టులో బావగారు చెక్క వస్తువులూ, మందులూ అన్నీ ఉన్నాయని తనే చెప్పేశారు. క్వారంటైన్ ఆఫీసరమ్మ రాజుని బయటికి తీసింది. తర్వాత రాణిని. ఇదీ యూరప్‌లో కొన్నదేనా అని అడిగింది.

"నో, నో. షీ కేమ్ విత్ అజ్ ఓన్లీ. ఫర్ హజ్బెండ్ సెర్చింగ్," అంది అక్క.

రాజుని లాక్కుంటుందేమోనని అక్క నా చెయ్యి గిచ్చేస్తోంది. ఆఫీసరమ్మ పురుగు కన్నాలేమైనా ఉన్నాయేమోనని టార్చి వేసి చూసింది, పిడి ఎత్తింది, రాజు నోరు తెరిచాడు. ఆవిడ నవ్వేసి పోనిచ్చింది. అక్క కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

ఆ తర్వాత మందుల సంచీ. ఆఫీసరమ్మ బావగారి గుండె మాత్రల అట్టలు బల్ల మీద పరిచింది. ఒక్క మాత్ర కూడా ఊడలేదు. ఆవిడకి అదేం పట్టలేదు. పట్టించుకోవలసిన మనిషి పట్టించుకుంది.

"ఏవండీ, ఇవి నేను సర్దినవే కదా?"

"అవి వేసుకుంటే మాటిమాటికీ టాయిలెట్‌కి పోవాలి భ్రమరా. బస్సు ఆపరు. ఇంటికెళ్ళాక కంటిన్యూ చేద్దామని..."

"మీ ప్రాణం కోసం నేను దేశదేశాలూ తిరిగి చెక్కబొమ్మ కాళ్ళు పట్టుకుంటుంటే, మీరు మాత్రలు మానేశారా!"

హాలు మొత్తం మావైపు తిరిగింది. "చెక్కబొమ్మ కాళ్ళు పట్టుకోవడమేంటే?" అన్నారు బావగారు అయోమయంగా. అక్క ఏడుస్తూ, తిడుతూ మొత్తం చెప్పేసింది: విరిగిన మెడ, స్టెంటు, ఒంటరి రాణి. బావగారికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. పగలబడి నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. అట్టలోంచి ఒక మాత్ర తీసి, నీళ్ళయినా లేకుండా అక్కడే మింగారు.

దసరా కొలువులో రాణిని స్టీలు గిన్నె బోర్లించి దాని మీద నిలబెట్టి ఎత్తు సరిచేశారు. పండగయ్యాక బొమ్మలన్నీ పెట్టెలోకి వెళ్ళాయిగానీ, ఈ జంట మాత్రం డైనింగ్ టేబుల్ మీదకి కాపురానికొచ్చింది. రోజూ పొద్దున అక్క మాత్రని రాజు నోట్లో పెడుతుంది. బావగారు పిడి ఎత్తి తీసుకుని వేసుకోవాలి.

వేసుకున్నానంటే అక్క నమ్మదు. ముందు రాజు నోరు తెరిచి చూస్తుంది. తర్వాత బావగారి నోరు.