యారాడ రాళ్ళలో లంచ్ బాక్సు

ఆ మెయిల్ నా భార్యకు వచ్చింది. అప్పటికి ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె ఫోను నేను ఆపలేదు. చార్జింగు పెడుతూ, అందులో వచ్చేవి చదువుతూ ఉంటాను. చాలావరకు చీరల కొట్ల ప్రకటనలు, బ్యాంకు వాళ్ళ హెచ్చరికలు. ఈ మెయిల్ మాత్రం ఆమె యారాడలో దాచిన పెట్టె గురించి. దొరకలేదని వరసగా కొందరు రాశారట. ఒకసారి వెళ్ళి చూసి, ఉందో లేదో తెలియజేయమన్నారు. నెలలోగా జవాబు రాకపోతే మ్యాపు మీంచి తీసేస్తామన్నారు. మర్యాదగానే రాశారు. ఆమె లేదని వాళ్ళకు తెలియదు.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. జియోకాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో చిన్న పెట్టె దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. ఇంకొకరు ఫోను చూసుకుంటూ వెళ్ళి వెతుకుతారు. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, ఎలా ఉందో అలాగే పెట్టి రావాలి. ఇంటికొచ్చాక యాప్‌లో నాలుగు మాటలు రాయాలి. దాన్ని లాగ్ అంటారు. ఆ యాప్ నడిపేవాళ్ళే ఆ మెయిల్ పంపింది. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. మన ఊళ్ళో ఆడేవాళ్ళు తక్కువే. మా ఆవిడ పెట్టెలకు ఎక్కువ లాగులు పోర్టులో ఓడ దిగి, ఒక పూట తీరిక దొరికిన నావికుల నుంచి వచ్చేవి.

ఆమె స్టీల్ ప్లాంటు లేబొరేటరీలో పనిచేసింది. రిటైరయ్యాక ఈ ఆటలో పడింది. జాలరిపేటలో గోడ సందులో పెట్టిన డబ్బా గోడతో పాటు సముద్రంలోకి పోయింది. ద్వారకా నగర్‌లో ఒక బోర్డు వెనక పెట్టినది బోర్డు మార్చినప్పుడు పోయింది. మిగిలింది యారాడది. అది ఆమె ప్లాంటుకు పట్టుకెళ్ళిన స్టీలు లంచ్ బాక్సు. పక్కల క్లిప్పులు, మూతకు రబ్బరు వాషరు. ఉద్యోగమంతా దాంట్లోనే తిన్నది. రాయి రంగు పెయింటు వేసి, మొదటి కాగితం మీద తన చేత్తో రాసి, బీచి చివర రాళ్ళలో పెట్టింది. నాకు ఆ డబ్బా కావాలి. మెయిల్ చదవగానే నాకు కలిగిన ఆలోచన అదొక్కటే. మ్యాపు సంగతి తర్వాత.

వెళ్ళేముందు పాత లాగులన్నీ చదివాను. ఆమెకు లాగుల విషయంలో పట్టుదల ఎక్కువ. "దొరికింది, థాంక్స్" అని రాసేవాళ్ళంటే ఆమెకు చిరాకు. పెట్టిన మనిషి ఇంట్లో కూర్చుని ఉంటుంది, అక్కడ ఏం జరిగిందో ఆమెకు తెలిసేది మీరు రాస్తేనే కదా అనేది. మూత బిగుతుగా ఉందా, లోపల తడి ఉందా, దారిలో ఏం చూశారు, ఇవి రాయాలి. ఎక్కడ దాచారో మాత్రం రాయకూడదు, వెతకబోయేవాళ్ళకు మిగలాలి. దొరకకపోతే దొరకలేదని తప్పకుండా రాయాలి. చాలామంది నామోషీ పడి అది రాయరు. అప్పుడు పెట్టినవాళ్ళకు పెట్టె పోయిన సంగతి ఎప్పటికీ తెలియదు. జాలరిపేట డబ్బాకు ఎవరో రాసిన లాగు ఆమెకు చాలా ఇష్టం. ఆ మనిషి గోడ దగ్గర వంగి వెతుకుతుంటే, చేపలమ్మే ఒకావిడ తాళాలు పోగొట్టుకున్నాడనుకుని బుట్ట దింపి తనూ వెతికిందట. అది చదివినప్పుడల్లా ఆమె నవ్వేది.

యారాడ పెట్టెకు వచ్చిన చివరి లాగు ఇది. "పెట్టె లేదు. అక్కడే కొత్తది పెట్టాను. థాంక్స్." ఈ ఆటలో ఇంతకు మించిన తప్పుడు పని లేదని ఆమె అనేది. వెతకడం చేతకాక, తమ ఖాతాలో ఒకటి పడాలని, తెచ్చుకున్న డబ్బా అక్కడ పడేసి పోతారు. పాతది పోయిందో లేదో చూసుకోరు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. సింధియా దాటి కొండెక్కే రోడ్డులో ఆటో నడుపుతున్న మనిషి ఏ పని మీద వెళ్తున్నారని అడిగాడు. ఊరికే అన్నాను. ఒక్కణ్ణే ఊరికే బీచికి వెళ్ళే వయసు కాదు నాది. అతను అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. ఆ కొండ మీద నేవీ వాళ్ళ స్థలం. అక్కడ ఫోను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాణ్ణి ఎవరైనా అలాగే చూస్తారు.

ఆమె ఉన్నప్పుడు ఆ చూపులు మళ్ళించడమే నా పని. దాచేటప్పుడూ, సరిచూసుకునేటప్పుడూ ఎవరూ గమనించకూడదు. ఆమె రాళ్ళలో వంగి ఉంటే నేను కాస్త దూరంలో పుస్తకం తెరిచి, సముద్రం వైపు తిరిగి నిలబడేవాణ్ణి. వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసి, ఆమెను చూడరని మా నమ్మకం. నేను ఒక్కసారి కూడా రాళ్ళలో చెయ్యి పెట్టలేదు. ఒక్క కాగితం మీదా నా పేరు లేదు.

బీచి చివరికి వెళ్ళేసరికి ఆ రాయిని పోల్చుకోలేకపోయాను. సందు చుట్టూ పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్లు, పైన ఎర్ర గుడ్డ, వాడిపోయిన బంతిపూలు. సందులోకి చూస్తే నీలం వల ముక్కలు కుక్కి ఉన్నాయి. దొరకలేదని రాసినవాళ్ళ సంగతి అప్పుడు అర్థమైంది. వాళ్ళు ఈ పసుపు చూసి, చెయ్యి పెట్టడానికి మనసొప్పక తిరిగి వెళ్ళి ఉంటారు. పక్కన ఒక రాయి కింద సగం బయటికి కనిపిస్తూ కొత్త ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్ని తీసి నా సంచిలో వేసుకున్నాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, వల ముక్కలు పక్కకు జరిపి, సందులో చెయ్యి పెట్టబోయాను.

"సెప్పులు."

వెనక్కి చూస్తే ఒక ముసలావిడ. వల బాగుచేస్తున్నదల్లా లేచి వచ్చినట్టుంది, చేతిలో ఇంకా దారపుండ ఉంది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్ళు, పడవ దగ్గరి నుంచి వస్తున్న ఒక యువకుడు. నేను చెప్పులు విప్పాను. అతను నా చేతిలో ఫోను చూశాడు, సంచి చూశాడు.

"ఏటి మేస్టారూ, అమ్మోరి కాడ ఏటి ఎతుకుతన్నారు?"

మా ఆవిడ పెట్టిన డబ్బా ఉందని చెప్పాను. మాట చెబుతుంటేనే అది ఎంత చెడ్డగా వినిపిస్తున్నదో తెలిసింది. ఏ డబ్బా అన్నాడు. స్టీలు డబ్బా అన్నాను. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. బాంబేమో అంటూ పడవ దగ్గర ఉన్నవాళ్ళను పిలిచాడు. పైన నేవీవాళ్ళకు చెప్పాలని ఒకరు, ముందు ఫోను తీసుకోవాలని ఒకరు అన్నారు. ఫోను ఇవ్వమని చెయ్యి చాపారు. అది ఆమె ఫోను. నేను ఇవ్వలేదు. ఆ యువకుడు నా సంచి పట్టుకున్నాడు.

ముసలావిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఉండండ్రా. ఈ బాబు నాకు ఎరికే. పుస్తకం పట్టుకొని నిలబడీవోడు. ఒక్క పేజీ తిప్పీవోడు కాదు."

ఆడవాళ్ళు నవ్వారు. సంచి పట్టుకున్న చెయ్యి వదలలేదు గాని సడలింది. మీరు మాకు కనబడలేదనుకున్నావా అంది ముసలావిడ. వలల దగ్గర కూర్చుని ఇక్కడి ఆడవాళ్ళంతా మమ్మల్ని చూసేవారట. మా ఆవిడ రెండు చేతులా ఏదో పట్టుకుని, తల వంచుకుని, ఆ రాయి చుట్టూ తిరిగేదట. దూరంగా వెళ్ళి మళ్ళీ వచ్చి తిరిగేదట. ఆ తర్వాత ఎవరెవరో వచ్చేవారు. తెల్లవాళ్ళు కూడా. అందరూ అలాగే తిరిగేవారు. ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసుకుని, సందులో చెయ్యి పెట్టి, కాగితం మీద రాసి, చిన్న వస్తువేదో వేసి, మాటాడకుండా వెళ్ళిపోయేవారు.

మా ఆవిడ చేసింది ఇంతే: ఫోను చూపే చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అన్ని వైపుల నుంచీ వచ్చి, పదే పదే చూసి, సరైన అంకెలు రాసుకుంది. వీళ్ళకు అది ప్రదక్షిణ. ఆ రహస్యం, ఆ కాగితాలు, ఆ చిన్న చిన్న వస్తువులు, అన్నీ మొక్కులు. మేము ఎవరికీ కనబడకూడదని పడిన జాగ్రత్తే వీళ్ళకు నమ్మకం కుదిర్చింది.

ముసలావిడ మనవడి పడవ ఇంజను ఆగి సముద్రంలో చిక్కుకుపోయినప్పుడు, ఆమె కూడా వచ్చి రాయి చుట్టూ తిరిగి, వల ముక్క సందులో పెట్టిందట. మనవడు తిరిగొచ్చాడు. ఆ మనవడే నా సంచి పట్టుకున్న యువకుడు.

"ఆయమ్మ ఏది?" అని అడిగింది.

పోయిందని చెప్పాను. ఎప్పుడని అడిగింది. చెప్పాను. అతను సంచి వదిలేశాడు.

నేను సందులో భుజం దాకా చెయ్యి పెట్టాను. వేళ్ళకు క్లిప్పు తగిలింది. డబ్బా బయటికి తీసేసరికి మగవాళ్ళు దూరం జరిగారు. తెరవొద్దు మేస్టారూ అన్నాడు ఒకడు.

"ఇన్నాల్లూ పసుపు రాత్తన్నాం. ఇప్పుడు పేల్తాదేటి?" అంది ముసలావిడ.

క్లిప్పులు తీశాను. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా కడగడానికి తెరిచినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. లోపల పొడిగా ఉంది. కాగితాలు, పెన్సిలు, ఏవో దేశాల బొత్తాలు, తాళం గొలుసులు. మొదటి కాగితం ఆమె రాతలో ఉంది.

ఆయమ్మ ఏం మొక్కుకుందో చదవమంది ముసలావిడ. అందరూ దగ్గరకు వచ్చారు. ఏదో ఒకటి కల్పించి చదవవచ్చు. వాళ్ళకు తెలియదు, నాకూ గొడవ ఉండదు. చివరికి ఉన్నదే చదివాను.

"దొరికిందా? ఇక్కడ ఏం చూశారో ఒక మాట రాయండి. డబ్బాను ఎలా ఉందో అలాగే పెట్టి వెళ్ళండి."

ఇంకేమీ లేదా అంది. లేదన్నాను. ఇది మొక్కు కాదనీ, ఆట అనీ చెప్పాను. మనవడు తల గోక్కుంటూ పక్కవాడితో అన్నాడు.

"ముసిలోల్ల దాగుడుమూతలకి మనం కొబ్బరికాయలు కొట్టినాం బావ."

ముసలావిడ వాడివైపు తిరిగింది. "ఆటయితే ఏటి? నువ్వు తిరిగొచ్చావా లేదా?"

నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తీసుకెళ్ళాలని ఉందని చెప్పాను. ఆమె అడ్డు చెబుతుందనుకున్నాను.

"నీ ఇంటిదాని డబ్బా, నీదే. అట్టుకెళ్తే అట్టుకెళ్ళు. ఆ సందు మాత్రం కాళీ సేసి ఎల్లకు బాబు."

నా సంచిలో ప్లాస్టిక్ డబ్బా ఉంది. కొత్తది, సరిగ్గా ఆ సందులో పట్టేది. కాగితాలు అందులోకి మార్చి పెట్టేస్తే సందు ఖాళీగా ఉండదు. మ్యాపు మీద పెట్టె ఉంటుంది. లంచ్ బాక్సు మా వంటింట్లో పాత చోటికి చేరుతుంది. ఎవరికీ నష్టం లేదు. సంచి తెరిచాను. ప్లాస్టిక్ డబ్బా బయటికి తీశాను కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ముసలావిడ తొందర పెట్టలేదు. ఆ లాగు రాసినవాణ్ణి నిన్న నేను మనసులో ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. వాడు పాతది పోయిందనుకుని ఆ పని చేశాడు. నేను పాతది చేతిలో ఉంచుకుని చేయబోతున్నాను.

ప్లాస్టిక్ డబ్బా తిరిగి సంచిలో వేశాను. పెన్సిలు తీసి చివరి కాగితం మీద నా పేరు రాశాను. ఆమె రాయమన్నట్టు ఒక మాట కూడా రాశాను, ఆడవాళ్ళు ముందునుంచీ మనల్ని చూస్తున్నారని. క్లిప్పులు వేసి, డబ్బాను సందులో లోపలికంటా తోసి, వల ముక్కలు ఉన్నట్టే సర్దాను. చేతికి పసుపు అంటింది.

వెతికేవాళ్ళు ఇంకా రావచ్చా అని అడిగాను. సెప్పులిప్పి రమ్మను అంది. వెళ్ళబోతుంటే భోంచేసి వెళ్ళమంది. మళ్ళీ వస్తానన్నాను.

ఇంటికొచ్చి మెయిల్‌కు జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె పేరుతో, పెట్టె బాగానే ఉందని రాసేస్తే సరిపోయేది. ఆమె లేదనీ, నేను ఆమె భర్తననీ, ఆ రాయికి ఇప్పుడు పూజ జరుగుతున్నదనీ, వెతికేవాళ్ళు చెప్పులు విప్పి రావాలనీ, అక్కడివాళ్ళను అడిగి వచ్చాననీ రాశాను. తీసేయదలిస్తే తీసేయండి, డబ్బా మాత్రం అక్కడే ఉంటుంది అని చివర రాశాను. పంపాక ఫోను బోర్లా పెట్టాను. రోజూ దాన్ని తిప్పి చూసేవాణ్ణి. చీరల కొట్లు తప్ప ఏమీ లేవు. కొన్నాళ్ళకు చిన్న జవాబు వచ్చింది. విచారం తెలిపారు. చెప్పుల సంగతి యాప్‌లో పెట్టె వివరాల్లో చేర్చి, పెట్టెను ఉంచమన్నారు. అలాగే చేశాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి లాగు ఏదో ఓడలో పనిచేసే మనిషిది. ఇంగ్లీషులో రాశాడు. అర్థం ఇది:

"చెప్పులు విప్పాను. వల కుడుతున్న ఒక పెద్దావిడ నన్ను ఏదో అడిగింది. భాష తెలియక తల ఊపాను. ఆమె వెళ్ళి పళ్ళెంలో అన్నం, చేపల పులుసు తెచ్చింది. తిన్నాక వెతికాను. మూత బిగుతుగా ఉంది. లోపల పొడిగా ఉంది. ఎలా ఉందో అలాగే పెట్టాను."