జిలేబీ దుకాణం నుంచి నాలుగో బిల్డింగు

ఒక్క సున్నాతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఒక్క మాటతో విజయవాడ నుంచి వచ్చిన పెద్దమనిషిని ఒకే పూట దారి తప్పించిన ఘనుణ్ని మీరెక్కడా చూసి ఉండరు. చూడండి, నేనే. ఇది తొంభైల నాటి మాట. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మీసం కొత్తది, ఆత్మవిశ్వాసం మాత్రం బాగా ముదిరింది.

చిక్కడపల్లిలో పుట్టి పెరిగినవాణ్ని. మా దగ్గర ఇంటి నంబరు కరెంటు బిల్లుకు తప్ప దేనికీ పనికిరాదు. దాన్నిండా అన్నీ అడ్డగీతలే. మనిషి ఇల్లు చేరాలంటే ఫలానా దుకాణం నుంచి ఎన్నో ఇల్లో చెప్పాలి. అలా దారి చెప్పడంలో నారాయణగూడ దాకా నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. అది నా ఒక్కడి అభిప్రాయమేనని తర్వాత తెలిసింది.

ఉద్యోగం అశోక్‌నగర్‌లో, మేడ మీద రెండు గదుల కంపెనీలో. నడిపేది సుగుణక్క. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను పాత కంప్యూటర్ బోర్డు నుంచి తెచ్చి కొత్త బోర్డు మీద నడిపించడం మా పని. కొత్తదాంట్లో మెమరీ సున్నా దగ్గర కాకుండా ఎక్కడో దూరంగా మొదలవుతుంది. కెర్నల్ ప్రతి లెక్కకూ ఆ దూరాన్ని కలుపుకోవాలి. ఆ దూరాన్నే ఆఫ్‌సెట్ అంటారు. అక్క వారం రోజులు తల పట్టుకుని కూర్చుని ఆ అంకె తేల్చింది. ఒక సాయంత్రం బోర్డు లేచి, స్క్రీన్ మీద చక్కగా అక్షరాలు వేసింది. మర్నాడు పదకొండింటికి విజయవాడ నుంచి మూర్తిగారు అది చూడడానికి వస్తున్నారు. ఫోన్‌లో ఆయనకు దారి చెప్పింది నేనే. ఆయనకు నచ్చితే ఆర్డరు మాది, నా ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే నేను ఇంటికి.

"పొద్దుగాల జల్ది వచ్చి కుర్చీలు సర్దు. బోర్డు దిక్కు పోకు," అంది అక్క.

కుర్చీలు సర్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. మిగిలిన టైములో అక్క రాసిన కెర్నల్ ఫైలు తెరిచాను. పాత బోర్డులో సున్నా ఉండే చోట బారెడు అంకె కనిపించింది. 'పాపం, అక్క ఏదో పరీక్ష కోసం పెట్టి మరిచిపోయింది' అని జాలిపడ్డాను. ఆ జాలితోనే దాన్ని కొట్టేసి సున్నా పెట్టాను. కెర్నల్‌ను మళ్లీ తయారుచేశాను. నిన్నటిది తుడిచేసి మరీ దాని చోట ఇది ఎక్కించాను.

పదింటికి అక్క వచ్చి స్విచ్ వేసింది. స్క్రీన్ నల్లగా ఉంది. ఆపి మళ్లీ వేసింది. ఇంకా నల్లగా ఉన్నట్టు అనిపించింది.

"ఏందిరా ఇది? నిన్న మంచిగనే లేచింది గదా!"

"వేడెక్కాల్నేమో అక్కా."

"ఇడ్లీ పాత్రనా, వేడెక్కనీకి? ఏమన్న ముట్టినవా?"

"కుర్చీలు తప్ప ఏం ముట్టలే."

అది అబద్ధమని నేను అనుకోలేదు. నేను చేసింది ముట్టడం కాదు, దిద్దడం. గంటసేపు అక్క వైర్లన్నీ ఊడబీకి మళ్లీ పెడుతుంటే, నేను పక్కనే నిలబడి విసనకర్రతో బోర్డుకు విసిరాను.

పదకొండింటికి ఫోన్ మోగితే నేనే ఎత్తాను. మూర్తిగారు, ఎస్టీడీ బూత్ నుంచి.

"మీరు చెప్పినట్టే జిలేబీ దుకాణం నుంచి నాలుగో బిల్డింగులోకి వచ్చానండీ. ఇక్కడ పిండిమర ఉందండీ! కంప్యూటర్ల ఆఫీసని అడిగితే, ఎన్ని కిలోలు పట్టాలంటున్నారు!"

"గిర్నియా? మా సందుల గిర్నే లేదు సార్! మంచిగ లెక్కవెట్టిన్రా?"

"మూడుసార్లు లెక్కపెట్టానండీ! చొక్కా నిండా పిండే!"

అక్క ఫోన్ లాక్కుని, ఆయన్ని అక్కడే ఉండమని చెప్పి పెట్టేసింది.

"ఒరేయ్, జిలేబీ దుకాణం పోయిన వారమే చిక్కడపల్లి దిక్కు మారింది గదరా! నువ్వింక పాత జాగ నుంచే లెక్కవెడ్తున్నవా?"

"నా లెక్క మాత్రం కరెక్టే అక్కా."

"లెక్క కరెక్టే. మొదలువెట్టిన జాగనే అక్కడ లేదు!"

నల్లటి స్క్రీన్ వైపు చూశాను. ఒకేసారి అంతా అర్థమైంది.

"అక్కా... నేను కెర్నల్‌కు గూడ పాత జాగనే చెప్పిన. సున్నా పెట్టిన."

అక్క తిట్టకుండా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తిడితే బాగుండేది, నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

"మళ్ల తయారు గానీకి ముప్పావుగంట అయితది. ఆయనకు చాయ్ తాపుకుంట మెల్లగ తీస్కరా. పో."

పది నిమిషాల దూరాన్ని ముప్పావుగంట సాగదీయడంలో నా ప్రతిభ చూసి తీరాల్సిందే. నారాయణగూడలో ఒక చాయ్, చిక్కడపల్లిలో ఒక చాయ్, మధ్యలో ఉస్మానియా బిస్కెట్లు.

"ఈ మందుల షాపు ఇందాకే చూశామండీ," అన్నారు మూర్తిగారు.

"ఇది ఇంకో బ్రాంచి సార్."

మేం మెట్లెక్కేసరికి స్క్రీన్ నిండా తెల్లటి అక్షరాలు వరుసగా దిగుతున్నాయి. అంత అందమైన దృశ్యం నేను అప్పటికి చూడలేదు. మూర్తిగారు పిండి దులుపుకుంటూ చూశారు, రెండు మూడు ప్రశ్నలు అడిగారు, ఆర్డరిచ్చారు. అక్క నన్ను పర్మనెంటు చేస్తున్నట్టు ఆయన ముందే చెప్పింది. వెళ్లబోతూ ఆయన అడిగారు.

"నల్లకుంటలో మా చెల్లెలి ఇంటికెళ్లాలి. దారెటండీ?"

నేను నోరు తెరిచాను.

"నువ్వు మాట్లాడినవనుకో, పర్మనెంటు క్యాన్సిల్," అంది అక్క.

ఆ క్షణమే ఘోరమైన శపథం పట్టాను. ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నానో చూసుకోకుండా ఈ జన్మలో ఏ అంకెనూ దిద్దను, ఎవరికీ దారి చెప్పను. ఆ పిండి గిర్ని మీద ఒట్టు. కాకపోతే గిర్ని ఇంకా అక్కడే ఉందో లేదో ఒకసారి చూసొచ్చి ఒట్టు వేస్తాను.