పడదా పోయింది, పడ్డది కాదు

నా కొడుకు ఇంకా పాకుతున్న రోజుల్లో నాకు ప్రతిదానికీ భయమే. వాడు తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. (ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి, నిద్రలో వాడికి ఊపిరి ఆడుతోందా అని చూసి వచ్చాను, కాబట్టి పెద్దగా మారలేదనుకోండి.) ఆ భయాలన్నిటినీ మింగేసేంత కోపం మాత్రం నాకు ఒక్కసారే వచ్చింది. అది ఒక లాప్‌టాప్ కంపెనీ మీద.

అప్పుడూ మేం షోలాపూర్‌లో, నీలం నగర్‌లోనే, పక్కగోడ అవతల పవర్‌లూములు ఖటఖటలాడే ఈ ఇంట్లోనే ఉన్నాం. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నాకు, పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికేలా ఉంది. సోమవారం డెమో క్లాసు. చెబితే ఉద్యోగం నాది, తప్పితే ఇంకొకరిది. సరిగ్గా ఆ ముందు వారమే కొత్త లాప్‌టాప్ తెర మీద పైనుంచి కిందికి రంగురంగుల గీతలు వచ్చాయి. మా ఆయన వంగి చూసి, "ఏంది, పడుగు వోసినట్టున్నది గదా" అన్నాడు. (మగ్గం మనిషికి లోకమంతా పడుగు దారాలే.) వారంటీ ఉందన్న ధైర్యంతో కంపెనీకి ఫోన్ చేసి, తెలుగు కోసం నొక్కమన్న నంబరు నొక్కి, సంగతి చెప్పబోతే "మేమే తిరిగి చేస్తామండి" అన్నారు. చేశారు. నేను బాబుకు స్నానం చేయిస్తుండగా చేశారు. ఫోన్ మా అత్తమ్మ ఎత్తింది.

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఎవరితోనైనా మాట్లాడగలదు అత్తమ్మ. ఏమైందని అటువైపు అమ్మాయి అడిగినట్టుంది. "పడదా బిడ్డా, పడదా! ఆఁ, గదే, పడదా! పోయింది!" అని ఈమె మగ్గాల చప్పుడు మీద నుంచి అరవడం నాకు వినబడింది. షోలాపూర్‌లో పెరిగిన మా తెలుగువాళ్లకు తెర అంటే పడదా. మరాఠీ నుంచి ఎప్పుడో వచ్చి మా ఇళ్లల్లో ఉండిపోయిన మాట. సినిమాకు పడదా, కిటికీకి పడదా, ఇప్పుడు లాప్‌టాప్‌కూ పడదా. అందులో తప్పేముంది? మర్నాడు మెసేజ్ వచ్చింది: కింద పడి పాడైన వస్తువుకు వారంటీ వర్తించదు.

వెంటనే ఫోన్ చేశాను. "పడ్డదని మీ ఇంట్లో పెద్దవాళ్లే చెప్పారండి" అంది ఆ అమ్మాయి.

"పడ్డది కాదమ్మా, పడదా!"

"మేమూ అదే అంటున్నామండి."

"పడదా అంటే తెర!"

"ఓ... తెర పడ్డదా అండి?"

చివర్లో "మీ సహనానికి ధన్యవాదాలు" అని కూడా అంది. నాలో ఆమెకు సహనం ఎక్కడ వినబడిందో! చేయని దొంగతనం అంటగట్టినట్టు ఒళ్లు మండిపోయింది. అత్తమ్మకు నాకంటే ఎక్కువ. "నన్ను అబద్దాలదాన్ని జేస్తరా? నడువ్ బిడ్డా, నేనొస్త" అని చాట పక్కన పెట్టి లేచింది. లాప్‌టాప్‌ను చద్దర్లో చుట్టి, బాబును చంకనెత్తుకుని, ఆటోలో హోట్గి రోడ్‌లోని సర్వీస్ సెంటర్‌కు బయల్దేరాం. దారి పొడుగునా తిట్లు వల్లె వేసుకున్నాను. తెలుగులో మొదలుపెట్టి, మరాఠీలో పెంచి, ఇంగ్లీషులో ముగించాలని ఏర్పాటు.

చద్దరు విప్పి లాప్‌టాప్ ఆన్ చేసి పెట్టాను. కౌంటర్‌లో మరాఠీ ఆయన తన కంప్యూటర్ చూసి, "పడ్లా, అసం లిహిలంయ్" అన్నాడు, పడిందని రాసి ఉందని. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ బల్ల మీద చరిచింది. "పడ్లా నాయ్ రే! పడదా గేలా, పడదా!" పడలేదు, తెర పోయిందని.

ఆయన ఒక క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత గీతల వంక చూశాడు. పడదా ఆయన ఇంటి మాటే కదా, పకపకా నవ్వాడు. లాప్‌టాప్ మూలలన్నీ తడిమి, ఎక్కడా సొట్ట లేదని పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పి, కొత్త తెర వేయించాడు. సోమవారం క్లాసు చెప్పాను, ఉద్యోగం వచ్చింది. కానీ వల్లె వేసుకున్న తిట్లలో ఒక్కటీ వాడలేకపోయానన్న మంట మాత్రం చాలాకాలం చల్లారలేదు.

మొన్న మావాడు వైరు పట్టి లాగాడు. లాప్‌టాప్ నిజంగానే కింద పడింది, తెర పగిలింది. నేను ముందు వాడి వేళ్లు చూశాను, ఏమీ గుచ్చుకోలేదు. అత్తమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే అంది: "ఫోన్ జెయ్యి బిడ్డా. పడ్డదని నిజమే జెప్పు. వాళ్లు పడదా అని రాసుకుంటరు."

నేల మీదే కూలబడి నవ్వాను. ఆ రోజు ఆటోలో, చంకలో పిల్లాడితో, మూడు భాషల్లో మండిపోతున్న ఆ పిల్లకు ఈ నవ్వు కొంచెం ముందే అందించగలిగితే బాగుండేది.